మేవెదర్‌ని కాస్తియో నిజంగా ఓడించాడా? హోసే లూయిస్ కాస్తియో కెరీర్ గురించి

మీరు అడిగింది ఇది: ఫ్లాయిడ్ మేవెదర్ 50 ఫైట్లు ఆడి 50 గెలిచాడంటారు. కానీ 2002లో హోసే లూయిస్ కాస్తియో అనే మెక్సికన్ లైట్‌వెయిట్ ఛాంపియన్ అతన్ని ఓడించేశాడని, జడ్జీలే మేవెదర్‌ని గట్టెక్కించారని కూడా అంటారు. అది నిజమేనా? ఆ కాస్తియో ఎవరు? అంత గట్టివాడైతే తర్వాత ఏమైపోయాడు?

ముందు సూటిగా చెప్పేస్తాను. నా స్కోరు కార్డులో ఆ రాత్రి గెలిచింది కాస్తియోనే, 7 రౌండ్లు అతనివి, 5 మేవెదర్‌వి. అయితే దాన్ని పట్టపగలు దోపిడీ అని మాత్రం అనను. విశాఖలో చాలా ఏళ్లు అమెచ్యూర్ కుర్రాళ్లకు కోచింగ్ ఇచ్చాను, జడ్జి కుర్చీలో కూడా కూర్చున్నాను. రింగ్ పక్కన ఆ కుర్చీలో కూర్చుంటే ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

2002 ఏప్రిల్ 20, లాస్ వేగాస్, ఎంజీఎం గ్రాండ్. కాస్తియో అప్పటికి డబ్ల్యూబీసీ (ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటి) లైట్‌వెయిట్ ఛాంపియన్. అంటే 135 పౌండ్ల విభాగం, మన లెక్కలో 61.2 కిలోలు. మేవెదర్ 130 పౌండ్ల నుంచి కొత్తగా పైకి వచ్చాడు, 27 ఫైట్లు ఆడి అన్నీ గెలిచాడు. ట్రైనింగ్‌లో ఎడమ భుజం దెబ్బతిందని ఫైట్ తర్వాత అతనే చెప్పాడు. మొదటి నాలుగైదు రౌండ్లు హాయిగా అతనివే. కాళ్ల మీద తిరుగుతూ, జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే వేగమైన పంచ్) వేస్తూ, కాస్తియో చేతికి అందకుండా గడిపేశాడు. ఆ తర్వాత కాస్తియో దారి కనుక్కున్నాడు. మేవెదర్ వెనకాలే పరిగెత్తకుండా, అతను వెళ్లబోయే వైపుకి అడ్డంగా అడుగు వేయడం మొదలుపెట్టాడు. అలా నెమ్మదిగా రోప్స్ దాకా నెట్టి, దగ్గరగా చొరబడి, పొట్ట మీద, పక్కటెముకల మీద కొట్టాడు. మేవెదర్ అంతగా ఇరుక్కుపోయి కనిపించిన ఫైట్లు అతని కెరీర్ మొత్తంలో చాలా తక్కువ.

ఫలితం చెప్పినప్పుడు హాల్లో జనం గోల పెట్టారు. ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు: 115-111, 115-111, 116-111. అదే ఫైట్‌ని టీవీలో అనధికారికంగా స్కోర్ చేసిన హెచ్‌బీఓ ఛానెల్ వాళ్ల హెరాల్డ్ లెడర్‌మన్ కార్డు 115-111, కానీ కాస్తియోకి. అంకెలు సరిగ్గా అవే, పేర్లు తారుమారు. ఇద్దరికీ చెరో పాయింట్ కోత పడింది: ఆగమన్నాక కొట్టినందుకు కాస్తియోకి, మోచేయి వాడినందుకు మేవెదర్‌కి. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 వేస్తారు కాబట్టి, ఆ కోతలు పక్కన పెడితే 115-111 అంటే 8 రౌండ్లు ఒకరివి, 4 రౌండ్లు ఇంకొకరివి. అనుభవం ఉన్నవాళ్లు ఒకే ఫైట్ చూసి ఇంత ఎడంగా ఎలా లెక్క కట్టారు?

కంప్యూబాక్స్ అంకెలు చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. రింగ్ పక్కన మనుషులు బటన్లు నొక్కి లెక్కించే పద్ధతి అది, జడ్జీలకి దానితో సంబంధం లేదు. దాని ప్రకారం కాస్తియో తగిలించిన పంచ్‌లు 203, మేవెదర్‌వి 157. జాబ్‌లు తీసేసి బలమైన పంచ్‌లు మాత్రమే చూస్తే 173కి 66. అంటే మేవెదర్ తగిలించిన వాటిలో సగానికి పైగా జాబ్‌లే. ఇప్పుడు జడ్జి కుర్చీలోకి రండి. జాబ్ రింగ్ మధ్యలో, అందరి కళ్ల ముందూ తగులుతుంది. తల వెనక్కి ఊగుతుంది, మూడు వైపులా కూర్చున్న ముగ్గురికీ కనిపిస్తుంది. కాస్తియో కొట్టేది రెండు శరీరాల మధ్య సందులో. ఆ సందు మీ వైపు ఉంటే ప్రతి దెబ్బా తెలుస్తుంది. అవతలి వైపు ఉంటే మీకు కనిపించేది ఒకరి వీపు, మోచేయి కదలిక, అంతే. ఆ పంచ్ గార్డ్ (అడ్డం పెట్టిన చేతులు) మీద తగిలిందో, పక్కటెముకకి తగిలిందో తేల్చుకోవడం నిజంగా కష్టం. లోపలి పోరాటం నమ్ముకున్న ప్రతి బాక్సర్‌కీ ఈ నష్టం ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి 114-112 మేవెదర్‌కి అని ఎవరైనా అంటే నేను వాదించను. 8 రౌండ్లు మేవెదర్‌వి అంటే మాత్రం ఒప్పుకోను. రెండో సగంలో కాస్తియో చేసిన పనికి ఆ కార్డుల్లో న్యాయం జరగలేదు. అదే ఏడాది డిసెంబర్ 7న మళ్లీ తలపడ్డారు. ఈసారి మేవెదర్ దూరం కాపాడుకుని ఇంకా శుభ్రంగా ఆడాడు, ముగ్గురు జడ్జీలూ అతనికే ఇచ్చారు. ఆ రెండో ఫలితంతో నాకు పేచీ లేదు.

లైట్‌వెయిట్‌లో కార్డుల దెబ్బ మెక్సికన్లకే తగిలిందని ఎవరైనా అంటే 1988 మార్చిలో పారిస్ దగ్గర జరిగింది గుర్తుచేయాలి. కాస్తియో పుట్టిన సొనోరా రాష్ట్రానికే చెందిన ఇంకో మెక్సికన్ ఛాంపియన్ హోసే లూయిస్ రామిరెజ్ మీద అమెరికన్ బాక్సర్ పెర్నెల్ విటకర్ హాయిగా గెలిచాడని చూసినవాళ్లంతా అనుకున్నారు. స్ప్లిట్ డెసిషన్ (ఇద్దరు జడ్జీలు ఒకరికి, మూడోవాడు ఇంకొకరికి) రామిరెజ్‌కి ఇచ్చారు. నా దృష్టిలో అది కాస్తియోకి జరిగినదానికంటే పెద్ద అన్యాయం.

ఇక మనిషి గురించి. కాస్తియో 1973 డిసెంబర్ 14న సొనోరాలోని ఎంపాల్మే అనే ఊళ్లో పుట్టాడు. బాక్సర్‌గా ఎదిగింది అమెరికా సరిహద్దును ఆనుకుని ఉన్న మెహికాలిలో. 1990లో, 16 ఏళ్ల వయసుకే ప్రొఫెషనల్ అయ్యాడు. ఒలింపిక్ పతకం లేదు, వెనక పెద్ద ప్రమోటర్ లేడు. చిన్న చిన్న పోటీల్లో పదేళ్లు కొట్టుకుంటూ వచ్చాడు, మధ్యలో నాలుగు ఓటములు కూడా పడ్డాయి. ఆ రోజుల్లో బయటివాళ్లకు అతను హూలియో సెసార్ చావెజ్ స్పారింగ్ పార్ట్‌నర్‌గా మాత్రమే తెలుసు. మెక్సికో బాక్సింగ్‌కి చావెజ్ ఎంత పెద్ద పేరో చెప్పక్కర్లేదు. అలాంటివాడికి దెబ్బలు తినిపెట్టే ఉద్యోగం అది. కానీ కాస్తియో దాన్ని బడిగా మార్చుకున్నాడు. ఎడమ హుక్‌తో (చెయ్యి వంచి పక్క నుంచి వేసే పంచ్) కాలేయం మీద కొట్టడం, కొట్టేముందు తలని అవతలివాడి భుజం కింద పెట్టి చోటు చేసుకోవడం, ఓపిగ్గా ముందుకు నడవడం, ఇవన్నీ చావెజ్ దగ్గర ఒంటి మీద పడ్డాకే నేర్చుకున్నాడని అతని ఫైట్లు చూస్తే తెలిసిపోతుంది.

అతని పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడండి. ముందు నుదురు ప్రత్యర్థి ఛాతీకి ఆనిస్తాడు. ఎడమ భుజంతో కొంచెం నెడతాడు, గట్టిగా కాదు, అవతలివాడి బరువు వెనక కాలి మీదకి పోయేంత. బరువు వెనక్కి పోయినవాడు గట్టి దెబ్బ కొట్టలేడు. అప్పుడు అరడుగు కుడివైపు జరిగి కుడి చేత్తో కింది నుంచి పైకి పొట్టి అప్పర్‌కట్, దాని వెంటే ఎడమ హుక్ పక్కటెముకల కింద. అవతలివాడు మోచేయి దించగానే అదే ఎడమ హుక్ ఈసారి దవడకి. ఇది 12 రౌండ్లు ఆగకుండా చేయాలంటే కాళ్లలో బలం కావాలి, అవతలివాడి కంటే ఒళ్లు బరువుగా ఉండాలి. ఈ బరువు సంగతి గుర్తుంచుకోండి, అతని కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

2000 జూన్ 17న కాలిఫోర్నియాలోని బెల్ గార్డెన్స్‌లో డబ్ల్యూబీసీ ఛాంపియన్ స్టీవీ జాన్‌స్టన్ మీద అవకాశం వచ్చింది. జాన్‌స్టన్ ఎడమచేతి వాటం వాడు, చాలా వేగం. కాస్తియో గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. మెజారిటీ డెసిషన్‌తో (ఇద్దరు జడ్జీలు అతనికి, మూడోవాడు సమానం) గెలిచాడు, రింగ్ పత్రిక ఆ ఏడాది అతిపెద్ద సంచలన ఫలితంగా దాన్నే ఎంచుకుంది. మూడు నెలలకి జాన్‌స్టన్ సొంతూరు డెన్వర్‌లో రీమ్యాచ్. అక్కడ జాన్‌స్టన్ గెలిచాడని ప్రకటించేశారు కూడా. తర్వాత కాసేపటికి ఒక కార్డులో కూడిక తప్పిందని తేలింది, ఫలితం డ్రాగా మారింది, బెల్ట్ తిరిగి కాస్తియోకే వచ్చింది. ఆ కొద్ది నిమిషాలు అతనెంత టెన్షన్ పడి ఉంటాడో ఊహించుకోండి. అందుకే మా పోటీల్లో కార్డు చేతికి రాగానే ఫలితం చెప్పకుండా రెండోసారి కూడమని పట్టుబట్టేవాణ్ణి.

మేవెదర్‌తో రెండు ఓటముల తర్వాత చాలామంది జారిపోతారు. కాస్తియో ఇంకా పైకి వెళ్లాడు. మేవెదర్ 140 పౌండ్లకి వెళ్లిపోగా ఖాళీ అయిన డబ్ల్యూబీసీ బెల్ట్‌ని 2004 జూన్‌లో హువాన్ లాస్కానో మీద గెలుచుకున్నాడు. డిసెంబర్‌లో క్యూబాలో పుట్టిన మాజీ ఒలింపిక్ ఛాంపియన్ హోఎల్ కాసమయోర్‌ని స్ప్లిట్ డెసిషన్‌తో దాటాడు. 2005 మార్చిలో హూలియో డియాజ్‌ని పదో రౌండ్‌లో ఆపేశాడు. ఏడాది లోపు ఈ ముగ్గురు. నా ఉద్దేశంలో అతని అసలు శిఖరం ఈ తొమ్మిది నెలలే.

ఆ వెంటనే 2005 మే 7. లాస్ వేగాస్‌లోని మాండలే బే. ప్రత్యర్థి డబ్ల్యూబీవో (ఇంకో టైటిల్ సంస్థ) ఛాంపియన్ డియెగో కొరాలెస్. ఈ ఒక్క ఫైట్ గురించే చాలామందికి కాస్తియో పేరు తెలుసు. కొరాలెస్ ఆ విభాగానికి చాలా పొడగరి, దూరం నుంచి కొడతాడని అందరూ అనుకున్నారు. అతను మొదటి రౌండ్ నుంచే కాస్తియో గదిలోకి వచ్చి కూర్చున్నాడు. పది రౌండ్లూ ఇద్దరూ తల ఆనించుకుని కొట్టుకున్నారు, ఒక్క రౌండ్ కూడా ఖాళీగా పోలేదు. కొరాలెస్ కళ్లు రెండూ వాచిపోయాయి. కాస్తియో ఎడమ కన్ను మీద చీలింది.

పదో రౌండ్ మొదట్లో కాస్తియో ఎడమ హుక్ తగిలి కొరాలెస్ పడ్డాడు. పళ్లకి రక్షణగా నోట్లో పెట్టుకునే గమ్‌షీల్డ్ బయటికి వచ్చేసింది. లేచాడు. రెఫరీ టోనీ వీక్స్ అతన్ని కార్నర్‌కి పంపి గమ్‌షీల్డ్ కడిగించి పెట్టించాడు. ఆట మొదలైన కొద్ది క్షణాలకే మళ్లీ పడ్డాడు. ఈసారి లేచేసరికి లెక్క దాదాపు అయిపోయింది. మళ్లీ గమ్‌షీల్డ్ నోట్లో లేదు. కావాలని ఊశాడని వీక్స్ ఒక పాయింట్ కోసి, మళ్లీ కార్నర్‌కి పంపాడు. అక్కడ అతని ట్రైనర్ జో గూసెన్ గమ్‌షీల్డ్ పెడుతూ చెప్పిన మాట ఒక్కటే: ఇప్పుడు లోపలికి చొరబడాల్సిందే అని. కాస్తియో ముగించడానికి వచ్చాడు. కొరాలెస్ కుడి చెయ్యి నేరుగా దిగింది. కాస్తియో ఆగిపోయాడు. ఆ వెంటనే హుక్‌లు, కాస్తియో రోప్స్ మీదకి పోయాడు, చేతులు కిందికి వాలిపోయాయి. వీక్స్ మధ్యలోకి దూకి ఆపేశాడు. పదో రౌండ్, 2 నిమిషాల 6 సెకన్లు. రెండుసార్లు కింద పడ్డవాడు గెలిచాడు.

గమ్‌షీల్డ్ పేరుతో కొరాలెస్‌కి దొరికిన సెకన్లే కాస్తియోని ఓడించాయా అని చాలామంది అడుగుతారు. ఆ ఊపిరి కొరాలెస్‌కి ప్రాణం పోసిన మాట నిజం. కాస్తియో వర్గం ఫిర్యాదులో న్యాయం ఉంది. అయితే రెఫరీ నిబంధన ప్రకారమే నడిచాడు, శిక్ష కూడా వేశాడు. అసలు పొరపాటు కాస్తియో ముగించడానికి వెళ్లిన తీరులో ఉంది. అప్పటిదాకా ప్రతి రౌండ్‌లోనూ తల పక్కకి పెట్టి, భుజం ఆనించి లోపలికి వెళ్లినవాడు ఆ ఒక్కసారి నిటారుగా, ఛాతీ ఎదురుగా పెట్టి, గడ్డం గాల్లో వదిలి వెళ్లాడు. మా కుర్రాళ్లకి ఆ ముప్పై సెకన్లు చూపించి, ఎదుటివాడు ఊగుతున్నప్పుడే గార్డ్ ఇంకా గట్టిగా పెట్టాలని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, తర్వాత ఏమైపోయాడని. ఒక్క మాటలో బరువు.

2005 అక్టోబర్ 8న రీమ్యాచ్. ముందు రోజు తూకంలో 135 ఉండాల్సినవాడు 138.5 పౌండ్లు తూగాడు. అంతకంటే సిగ్గుచేటు, అతని బృందంలోని డాక్టర్ తూకం మిషన్ కింద కాలు పెట్టి దొరికిపోయాడు. అయినా కొరాలెస్ టైటిల్ పణంగా పెట్టకుండా ఆడటానికి ఒప్పుకున్నాడు. నాలుగో రౌండ్‌లో ఎడమ హుక్‌తో కాస్తియో అతన్ని నాకౌట్ చేశాడు. ఆ గెలుపుని నేను పూర్తి గెలుపుగా లెక్కించను. మూడున్నర పౌండ్లంటే ఒకటిన్నర కిలోలు, అంతేగా అని మీకు అనిపించవచ్చు. లైట్‌వెయిట్ స్థాయిలో ఆ చివరి మూడు పౌండ్లే మనిషిని తినేసేవి. తిండి తగ్గించి దించే బరువు వారాల ముందే దిగిపోతుంది. చివరి రెండు రోజుల్లో దిగేదంతా నీళ్లే. ఉప్పు మానేసి, రెయిన్‌కోటు తొడుక్కుని పరిగెత్తి, వేడి గదిలో కూర్చుని, తడిబట్ట పిండినట్టు ఒంటిని పిండాలి. నోట్లో ఉమ్మి కూడా మిగలదు. బీచ్ రోడ్డు మీద అలా పరిగెత్తి వచ్చిన కుర్రాళ్ల మొహాలు చూశాను. పెదాలు తెల్లగా పగిలి, మంచినీళ్ల సీసా వైపు చూడకుండా తల తిప్పుకునేవారు. కొరాలెస్ ఆ నరకం పూర్తిగా అనుభవించి 135 తూగాడు. కాస్తియో మధ్యలో ఆగిపోయి, మిగిలిన బలంతో రింగ్‌లోకి వచ్చాడు. అతని ఆట మొత్తం దగ్గరగా చేరి బరువు వేసే ఆట కాబట్టి, ఆ తేడా మామూలు బాక్సర్‌కి కలిసొచ్చేదానికంటే అతనికి ఎక్కువ కలిసొచ్చింది.

మూడో ఫైట్ 2006 జూన్‌లో పెట్టారు. ఈసారి 139.5 పౌండ్లు. కొరాలెస్ ఆడనన్నాడు, సరిగ్గా చేశాడు. తూకం రోజున ఫైట్ రద్దయింది. టికెట్లు కొన్నవాళ్లు, అదే రాత్రి ఆడాల్సిన మిగతా బాక్సర్లు, నెలల తరబడి సిద్ధపడ్డ ప్రత్యర్థి, అందరూ నష్టపోయారు. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్ర బాక్సింగ్ కమిషన్ కాస్తియోకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసి, ఆ ఏడాది చివరిదాకా సస్పెండ్ చేసింది. నాకు కాస్తియో అంటే ఎంతో గౌరవం, అయినా ఈ విషయంలో అతన్ని సమర్థించలేను. 32 ఏళ్ల ఒళ్లు 135కి రాదని అతనికీ అతని బృందానికీ నెలల ముందే తెలిసి ఉండాలి. పై విభాగానికి వెళ్తానని చెప్పి ఉంటే పోయేది.

కొరాలెస్ కథ కూడా అక్కడి నుంచి బాగా సాగలేదు. 2006 అక్టోబర్‌లో కాసమయోర్‌తో ఫైట్‌కి తనే బరువు తప్పి టైటిల్ పోగొట్టుకున్నాడు. 2007 మే 7న లాస్ వేగాస్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. వాళ్ల మొదటి ఫైట్‌కి ఆ రోజుతో సరిగ్గా రెండేళ్లు. వయసు 29.

అదే 2007 జూన్‌లో కాస్తియో 140 పౌండ్లలో బ్రిటిష్ బాక్సర్ రికీ హాటన్‌తో ఆడాడు. నాలుగో రౌండ్‌లో హాటన్ ఎడమ హుక్ పక్కటెముకల కింద దిగింది. కాస్తియో మోకాళ్ల మీద కూలబడ్డాడు, పది లెక్కపెట్టేలోగా లేవలేకపోయాడు. జీవితమంతా తను వేసిన దెబ్బకే పడిపోయాడు. కాలేయం మీద తగిలితే మెదడు లేవమంటున్నా కాళ్లు వినవు, ధైర్యంతో పనిలేదు. దాన్ని చూసి అతను ఫైట్ వదిలేశాడనేవాళ్ల మాట పట్టించుకోకండి. 2008 మార్చిలో కాన్‌కూన్‌లో టిమోతీ బ్రాడ్లీతో ఆడాల్సింది, 140కి బదులు 147.5 పౌండ్లు తూగాడు. ఆ ఫైటూ పోయింది. ఆ తర్వాత పెద్ద అవకాశాలు మళ్లీ రాలేదు. అడపాదడపా ఆడుతూ, 2014లో మాస్కోలో రుస్లాన్ ప్రోవోద్నికోవ్ చేతిలో ఓడాక ఆగిపోయాడు.

మొత్తం 80 ఫైట్లు, 66 గెలుపులు, అందులో 57 నాకౌట్లు, 13 ఓటములు, ఒక డ్రా. ఆ 13లో 6 ఓటములు హాటన్ ఫైట్, ఆ తర్వాతివి. కాబట్టి అంకె చూసి అతన్ని మధ్యరకం బాక్సర్ అనుకోవద్దు. 2000 నుంచి 2005 దాకా 135 పౌండ్లలో అతని కంటే గట్టిగా లోపలి పోరాటం చేసినవాడు నాకు ఇంకొకరు కనిపించరు.

చూడాలనుకుంటే ముందు కాసమయోర్ ఫైట్ చూడండి, ఓపిక ఎలా ఉంటుందో తెలుస్తుంది. తర్వాత కొరాలెస్ మొదటి ఫైట్. మేవెదర్ మొదటి ఫైట్ చివర్లో పెట్టుకోండి. కామెంటరీ కట్టేసి, కాగితం మీద రౌండ్ రౌండ్‌కీ 10-9 రాసుకోండి, ఏ రౌండైనా అయిపోగానే రాయాలి, వెనక్కి తిప్పి చూడకూడదు. చివర్లో చెరో పాయింట్ తీసేయడం మర్చిపోకండి. నాకు 114-112 కాస్తియోకి వచ్చింది. మీ కార్డు రాసి పంపండి, తేడా ఉన్న రౌండ్లు ఒక్కొక్కటే తీసి మాట్లాడుకుందాం.